ఉపవృత్తిగా కిరాయి ట్రాక్టరు



సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయ చరిత్రమును గూర్చియు ప్రసంగించుటకు నాకంటె అర్హులు ఈ వేదికపైననే పలువురున్నారు. బొగ్గు గనుల మరమ్మతుశాలలో 32 ఏండ్లు ఇనుముతో కాలము గడిపి, పదవీ విరమణానంతరము ఇంటి ట్రాక్టరును చూచుకొనుచున్న నన్ను కార్యదర్శిగారు పిలిచి, మీకు తెలిసిన పనిని గూర్చియే చెప్పుడనిరి. ఆ మాట నాకు ధైర్యము నిచ్చినది. నాకు తెలిసిన పని ట్రాక్టరును కిరాయికి నడుపుట. ఈ సభలో వెనుక వరుసలో నిలుచున్న యువకులలో ఇద్దరు ముగ్గురు ఈ యేడే ట్రాక్టరు కొనవలెనని తలంచుచున్నారని వింటిని. నా మాటలు ముఖ్యముగా వారి కొఱకు. వారికి డబ్బు ఇయ్యనున్న తండ్రుల కొఱకు.

మన ప్రాంతమునకు సింగరేణి అన్నము పెట్టినది. 1920లో ఈ పేరున ఏర్పడిన కంపెనీలో 1990వ దశాబ్ది మొదట లక్షకు పైబడి కార్మికులుండిరి. నేడు ఆ సంఖ్య సగమునకంటెను తక్కువ. బొగ్గు తగ్గలేదు, చేతులు తగ్గినవి. తట్ట, చెమ్మసు పట్టిన మనిషి స్థానమున యంత్రము నిలిచినది. భూగర్భమునకు దిగు గనులు కొన్ని మూతపడగా, ఓపెన్‌కాస్టులు విస్తరించినవి. వానితో కొన్ని గ్రామముల పొలములును పోయినవి. తండ్రికి దొరికిన ఉద్యోగము కొడుకునకు దొరకునను నమ్మకము లేదు. కావున తండ్రి గ్రాట్యుటీ సొమ్ము కొడుకు ముంగిట ట్రాక్టరై నిలుచుట మన యిండ్లలో తఱచుగా చూచుచున్నాము. అట్టి ట్రాక్టరులలో కొన్ని రెండేండ్లు తిరుగకమునుపే ఫైనాన్సువారి ఆవరణమున నిలుచుటయు చూచుచున్నాము. జీవితకాలపు కష్టార్జితము అట్లు పోవుట చిన్న విషయము కాదు.

యంత్రము మంచిదే, నడుపువాడు మంచివాడే, ఊరిలో పనికి కొఱత లేదు. అయినను కొందరెందుకు చితికిపోవుచున్నారు? నా దృష్టిలో దీనికి మూలము ఒక్కటే. వారు ట్రాక్టరును కొనుచున్నారు గాని, తాము అమ్మునది ట్రాక్టరు పని కాదనియు, ఫలానా దినమున వత్తునను మాట యనియు గ్రహించుట లేదు.

దీనిని తెలియజెప్పుటకు దూరదేశపు వ్యాపార మొకటి నాకు తోడుపడుచున్నది. మన పిల్లలు పలువురు అమెరికాలోను కెనడాలోను స్థిరపడినారు గదా. అక్కడి ఉత్తర ప్రాంతములలో చలికాలమున రాత్రికి రాత్రి మోకాలి లోతు మంచు పడును. తెల్లవారి కారు బయటికి తీయవలెనన్న ఇంటి ముంగిలి ముందు ఊడ్వవలెను. ఆ పని కొఱకు చిన్న లారీవంటి పికప్ బండికి ముందుభాగమున వెడల్పైన ఇనుప బ్లేడు తగిలించుకొని, కొందరు అర్ధరాత్రి బయలుదేరి తెల్లవారులోగా ఇల్లిల్లు తిరిగి మంచును ప్రక్కకు నెట్టి పోవుదురు. వారిలో చాలమందికి ఇది ఉపవృత్తియే. వేసవిలో గడ్డి కోయువారు, ఇండ్లు కట్టువారు, చలికాలమున ఈ పని పట్టుదురు. మనదేశమునను జోజిలా కనుమ వద్ద మంచు త్రోయు యంత్రములున్నవి. అది సరిహద్దు రహదారుల సంస్థవారు చేయు ప్రభుత్వ కార్యము, మనవంటివారి బేరము కాదు.

గోదావరి ఒడ్డున ఎండలో మాడు మనకు మంచుతో ఏమి పని యని నవ్వకుడు. ఆ వ్యాపారపు కీలకమును చూడుడు. మంచు పడిన రాత్రి ఊరందరికి ఒక్కమారే ఆ బండి కావలెను. పడని రాత్రి ఎవ్వరికిని అక్కఱలేదు. ఒక బండి ఒక రాత్రి ఎన్ని ముంగిళ్ళు తిరుగగలదో అన్నియే తిరుగును. యజమాని ఎంత బలవంతుడైనను గంటలు పెరుగవు. అందుచేత తెలివిగలవాడు మంచు పడకమునుపే, ఆకులు రాలు కాలముననే, ఇండ్లవారితో ఒప్పందము వ్రాసికొనును. పోయిన ప్రతిసారికి ఇంత యనియో, చలికాల మంతటికి కలిపి ఇంత యనియో ధర నిర్ణయించుకొనును. ఎన్ని అంగుళముల మంచు పడిన రావలెనో అదియు వ్రాసికొనును. అన్నిటికంటె ముఖ్యము, ఒకే వీధిలోని ఇండ్లను ఎన్నుకొనును. ఊరికి ఆ కొన నొక ఇల్లు, ఈ కొన నొక ఇల్లు పట్టినవాడు రాత్రియంతయు దారిలోనే యుండును.

మన మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె సరిగా ఇట్టివే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునందురు. అప్పుడు ట్రాక్టరు చెట్టుక్రింద నిలుచును. తొలకరి పడి, నారుమడులు పోసి, చెఱువులోనికో కాలువలోనికో నీరు రాగానే అందరికి ఒక్కమారే కరిగెట దున్నవలెను. మన జిల్లాలో శ్రీరాంసాగరు కాకతీయ కాలువ నుండి చీలిన డి-83, డి-86 కాలువల క్రింది రైతులకు ఇది మఱింత బాగుగా తెలియును. వంతులవారీగా నీరు వదలుదురు. వంతు వచ్చిన దినములలో మడి తయారు కాకున్న నీరు ముందుకు సాగిపోవును. తెల్లవారుజామున ఫోను మ్రోగుట మొదలగును. పిలిచిన ప్రతివానికి, రేపు వస్తాననుట మన అలవాటు. లేదనిన రైతు వేరొకని యొద్దకు పోవునేమోనని భయము. పదిమందికి రేపు అనినవాడు ఇద్దరి పొలము దున్నును. తక్కిన ఎనిమిదిమందికి శత్రువగును.

మంచుబండికిని మనకును ఒక పెద్ద భేదము కలదు. ముంగిలిలోని మంచు ఒకపూట ఆలస్యమైనచో ఇంటివాడు కార్యాలయమునకు ఆలస్యముగా పోవును, అంతే. వరినారు అట్లు కాదు. అది ప్రాణమున్న వస్తువు. మనము సాధారణముగా వేయు రకములకు నారు 25 మొదలు 30 దినముల ప్రాయమున నాటుట మేలు. స్వల్పకాలిక రకములకు ఇంకను ముందే. ముదిరిన నారు నాటిన పిలకలు తక్కువగా వేయును, దిగుబడి తగ్గును. మన రేపు అను మాటకు రైతు మడిలో వెల కట్టుచున్నాడు.

మా దూరపు బంధువు ఒకామెకు 20 గుంటల మడి కలదు. భర్త లేడు. ఒక వానకాలమున ఆమె ట్రాక్టరు కొఱకు పండ్రెండు దినములు గట్టుమీద కూర్చున్నది. పెద్ద కమతములు ముగిసిన పిదప చూతమని ట్రాక్టరువారు దాటవేసిరి. అందులో వారి దుర్మార్గ మేమియు లేదు; 20 గుంటల కొఱకు చక్రములు మార్చి, దిగి, ఎక్కి పోవుట గిట్టదు. చివరకు ఆమె నలువది దినములు దాటిన నారు నాటెను. ఆ యేడు ఆమెకు మిగిలినవి తిండిగింజలే. మఱుసటి యేడు మృగశిర రాకమునుపే మా యింటికి వచ్చి, చీరకొంగున ముడివేసిన డబ్బు తీసి నా ముందుంచి, "అన్నా, ఇరవై గుంటలకైతే ఎవ్వరు రారు. మా వరుసల ఆరుగురం కలిసినం. మూడెకరాల పది గుంటలయితది. ఇగ వస్తవా?" అని అడిగెను. అక్షరము రాని యామె, అమెరికాలో మంచు త్రోయువాడు వీధిని చూచి కుదుర్చుకొను ఉపాయమును, దున్నించుకొను వైపు నుండి తానై కనిపెట్టినది! ఆనాటి నుండి నేను పొలములను మనుష్యులనుబట్టి గాక వరుసలనుబట్టి ఒప్పుకొనుచున్నాను.

వరుస అని ఇంతగా చెప్పుటకు మఱొక కారణము కలదు. కరిగెటలో రబ్బరు చక్రములు జారును గనుక కేజీ వీల్సు తగిలింతుము. వానితో తారు రోడ్డెక్కుట నిషిద్ధము. రోడ్డు చెడును, పట్టుబడిన జరిమానా పడును. చట్టము ఇందులో న్యాయముగనే యున్నది, ఆ రోడ్డు మనదే గదా. కావున వానిని ట్రాలీలో వేసికొని పోయి, పొలము వద్ద బిగించి, మరల విప్పవలెను. మంచుబండికి ఈ బాధ లేదు. లెక్క చూడుడు. ఒక ఎకరమును రెండు సాళ్ళు త్రిప్పి చదును చేయుటకు రెండున్నర గంటలనుకొందము. పది గంటల దినమున పొలములన్నియు ఒకచోట నున్న నాలుగెకరములగును. మూడు దిక్కుల మూడు పొలములు పట్టి, ఒక్కొక్కదానికి దారికిని చక్రములకును గంట చొప్పున పోయినచో మూడెకరములు కూడ కావు. 20 దినముల అదనులో మొదటివానికి 80 ఎకరములు, రెండవవానికి 56. డీజిలు ఇద్దరికిని కాలును. రెండవవానికి దారిలో కొంత ఎక్కువయే కాలును.

ఆ 80 కూడ కాగితముమీది మాట. ఒక దినము బేరింగు పోవును, ఒక దినము నీరు రాదు, ఒక దినము డ్రైవరింట పెండ్లి. మూడు దినములు తీసివేయుడు, 68 మిగులును. నేనైతే 60 ఎకరములకు మించి మాట ఇయ్యను. మిగిలిన ఎనిమిది ఎకరములు దేవుని పాలు. ఎవ్వరి యెద్దు కాలు విఱిగినను, ఎవ్వరి ట్రాక్టరు ఆగినను అప్పుడు పోవుటకు చేతిలో కొంత కాలముండవలెను.

ధనము మాట. కిరాయి ధర ఏటేట మారును గనుక రూపాయలలో చెప్పను. కరిగెటలో 45 అశ్వశక్తి ట్రాక్టరు గంటకు నాలుగైదు లీటర్ల డీజిలు త్రాగును. గంట కిరాయిలో నుండి ఈ డీజిలును, డ్రైవరు కూలిని తీసివేసి, మిగిలినది లాభమని జేబులో వేసికొనువాడు ఇంజనును కొంచెము కొంచెముగా అమ్ముకొనుచున్నాడు. బురదనీరు యంత్రమునకు శత్రువు. ముందు చక్రముల హబ్బులలోనికి, బ్రేకులలోనికి, సీలు అరిగిన చోటనెల్ల చొచ్చును. గేరుపెట్టె నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గుర్తు. ఆ దినమే బండి నాపవలెను. ఇంకొక్క ఎకరము చేసి చూతమనువానికి ఆ ఎకరము కిరాయి వంద రెట్లుగా ఖర్చగుట నా కండ్లతో చూచితిని. ప్రతిసాయంకాలము కడిగి గ్రీజు పెట్టుట అరగంట పని. మా మరమ్మతుశాలలో పెద్ద పెద్ద యంత్రములను చెడగొట్టినదియు ఈ అరగంట సోమరితనమే.

ఇంకొక చిక్కు కలదు. కొందరిని ముంచునది ఇదియే యని నా నమ్మకము. జూలైలో దున్నిన పనికి రైతు డబ్బెప్పుడిచ్చును? పంట కోసి, వడ్లు కొనుగోలు కేంద్రమునకు తోలి, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిన పిదప. అనగా నవంబరు, డిసెంబరు. డీజిలు బంకువాడు మాత్రము ఉద్దెర ఇయ్యడు. కిస్తీ నెలనెలకు కట్టవలెనని ఒప్పుకొని సంతకము చేసినవాడు ఆగస్టు, సెప్టెంబరు మాసములలో వడ్డీకి పరుగెత్తును. అప్పు తీసికొనునపుడే ఆఱు నెలల కొకమారు కిస్తీ అడుగుడు; అట్టి పద్ధతి బ్యాంకులలో కలదు. ఒకటి వానకాలపు వడ్లు అమ్మిన పిదప, ఒకటి యాసంగి వడ్లు అమ్మిన పిదప వచ్చునట్లు తేదీలు కుదుర్చుకొనుడు. ఒక వానకాలమునకు సరిపడు డీజిలు సొమ్ము చేతిలో లేక ట్రాక్టరు కొనరాదు. బండి ధరలో ఇదియు ఒక భాగమే యని యెంచుడు. రైతునుండి బయానా తీసికొనుట మర్యాదకు లోపమని కొందరనుకొందురు. అది తప్పుడు సిగ్గు. బయానా ఇరువైపుల మాటకు ముడి. ఎకరమునకు డీజిలు ఖర్చునకు సరిపడినంత చాలును.

ఇక గనిలో ఉద్యోగము చేయుచు ఈ పని పెట్టుకొన తలంచువారికి రెండు మాటలు. ఉద్యోగి వేరొక వ్యాపారము చేయుటను గూర్చి కంపెనీ నియమములేమో ముందుగా కార్యాలయమున అడిగి తెలిసికొనుడు. దానికంటె ముఖ్యమైనది నిద్ర. రాత్రి షిఫ్టు దిగి, స్నానము చేసి, నేరుగా ట్రాక్టరెక్కువాడు పొలమునకును గనికిని కూడ అపాయమే. అట్టివాడు నడుపుటకు మనిషిని పెట్టుకొని, లెక్కలు తాను చూచుకొనుట మేలు.

కరిగెటలో దిగబడిన ట్రాక్టరును గూర్చి ఇక్కడ చెప్పక తప్పదు. వెనుక చక్రములు బురదలో బిగిసినపుడు కొందరు చక్రములకు దుంగ అడ్డముగా కట్టి ఇంజనును గట్టిగా రేపుదురు. చక్రము తిరుగలేదు, ఇంజను బలము ఎక్కడికో పోవలెను గదా? అది బండినే ఇరుసు చుట్టును పైకి లేపును. ముందు చక్రములు ఆకాశమునకు లేచి, రెప్పపాటులో ట్రాక్టరు వెనుకకు తిరుగబడి నడుపువాని మీద పడును. దూకుటకు వ్యవధి యుండదు. దిగబడినచో నాగలి విప్పి, చక్రముల వెనుక మట్టి తీసి, వెనుకకు నడిపి చూడుడు. రాకున్న మఱొక బండిచే లాగించుడు. ఒక పూట పోయిన పోనిండు. రొటవేటరును త్రిప్పు కడ్డీ నిమిషమునకు 540 మారులు, అనగా సెకనునకు తొమ్మిది మారులు తిరుగును. దాని మీది తొడుగు ఊడదీసి నడుపుటయు, పంచె వ్రేలాడగా దాని దగ్గఱ నిలుచుటయు ఎవ్వరు చేసినను వారిని కేకలు వేసి యైనను ఆపుడు. ట్రాక్టరుపై నడుపువాని కొక్కనికే ఆసనము కలదు. మడ్‌గార్డుపై కూర్చున్నవానికి ఆసనమును లేదు, బీమాయును దొరకదు.

ఈ రెండు అదనుల నడుమ బండి ఊరక నిలువవలెనా యని అడుగుదురు. వేసవిలో బ్లేడుతో పొలము చదును చేయుట కలదు, చెఱువు ఒండ్రు తోలుట కలదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెఱువుల పూడిక తీయగా, ఆ మట్టిని తమ పొలములకు చేర్చుకొను ఖర్చు రైతులే భరించిరి. ఆ వేసవులలో ట్రాక్టరులకు చేతినిండ పని దొరికెను. అట్టి సంవత్సరములు ప్రతి యేడు రావు గనుక వానిని లెక్కలో వేసికొని అప్పు చేయకుడు. దుమ్ములో పని చేసిన దినము గాలి వడపోతను శుభ్రము చేయుట మఱువరాదు. వ్యవసాయమునకని రిజిస్టరైన ట్రాక్టరు, ట్రాలీలతో ఇటుకలు, ఇసుక కిరాయికి తోలుటకు చట్టము ఒప్పుకొనదు. వేరుగా రిజిస్ట్రేషను, అనుమతులు కావలెను. ప్రమాదము జరిగిననాడు బీమావారు మొట్టమొదట అడుగునది ఆ దినము బండిలో ఏమి యున్నదనియే.

చివరగా పుస్తకము సంగతి. గ్రంథాలయమున పుస్తకమును గూర్చి మాట్లాడకున్న బాగుండదు! నా పుస్తకము రెండు రూపాయల అచ్చు నవల కాదు, గీతలు గీసిన లెక్కల పుస్తకము. అందు రైతు పేరు, పొలము ఏ వరుసలోనిది, ఎన్ని గుంటలు, బయానా ఎంత యను గడులు అందరును వ్రాయునవే. నేను చేర్చినది ఒక్కటి: నారు పోసిన తేదీ. ఎవరు ముందు పిలిచిరి, ఎవరు పెద్దవారు, ఎవరు మా చుట్టము అను విచారము లేక, ఆ తేదీని బట్టియు వరుసను బట్టియు వంతు నిర్ణయించుచున్నాను. మొదట కొందరు పెద్దరైతులు అలిగిరి. తమ నారు 18 దినములదనియు, ప్రక్క వరుసవారిది 26 దినములదనియు పుస్తకములో చూపినపుడు ఎవ్వరును వాదింపలేదు.

మన యూరిలోను చుట్టుప్రక్కలను కిరాయికి తిరుగు ట్రాక్టరులవారము అయిదుగురము కూర్చుండి మాట్లాడుకొంటిమి. వచ్చు రోహిణి కార్తె నుండి అయిదు బండ్ల వంతులును ఒకే పుస్తకములో వ్రాసి, దానిని ఈ గ్రంథాలయపు పఠనమందిరమున ఉంచవలెనని అనుకొనుచున్నాము. 20 గుంటలవాడును, 20 ఎకరములవాడును వచ్చి తన వంతు ఎప్పుడో చూచుకొనవచ్చును. చదువురానివారికి గ్రంథపాలకుడు చదివి చెప్పును. ఒక బండి ఆగినచో దాని వంతులు తక్కిన నాలుగును పంచుకొనును. ఇద్దరు ఇంకను తటపటాయించుచున్నారు. వారు ఈ సభలోనే యున్నారు గనుక పేర్లు చెప్పను. పుస్తకము వ్రేలాడదీయుటకు వాకిలి ప్రక్క గోడకు మేకు కొట్టించుటకు కార్యదర్శిగారు అంగీకరించిరి. పెన్సిలును దారముతో కట్టి యుంచవలెనని మాత్రము షరతు పెట్టినారు.